ఇంటిలో సముద్రము: గాజుతొట్టి కొలతలను గూర్చి

గాజుతొట్లలో చేపలను పెంచు వేడుక మన నగరమునకు క్రొత్తది కాదు. అయితే కొన్నేండ్లుగా కొందరు గృహస్థులు బంగారుచేపలతో తృప్తినొందక, ఉప్పునీటిని, పగడపుదిబ్బను బోలిన రాళ్లను, వాని నాశ్రయించి బ్రతుకు జీవులను తమ కూడములలో నిలుపగోరుచున్నారు. మన ఉప్పుగూడ పేరులో ఉప్పున్నది గాని, సముద్రము మాత్రము దారిమీద మూడువందల కిలోమీటర్ల దవ్వున నున్నది. అంత దూరపు సముద్రమును ఇంటికి రప్పింపదలచినవారు మొట్టమొదట తేల్చుకొనవలసినది చేపల రంగు కాదు, దీపముల సొగసు కాదు. తొట్టి పొడవెంత, వెడల్పెంత, ఎత్తెంత యనునదే. ఈ మూడంకెలను ఒకమారు గాజు కోయువానికి చెప్పిన పిదప మార్చుటకు వీలులేదు. పంపును మార్చవచ్చును, దీపమును మార్చవచ్చును, చేపను మరియొకరి కీయవచ్చును, గాజుపలకను సాగదీయజాలము.

మన పాఠశాల విజ్ఞానశాలలో అట్టి తొట్టి యొకటి యుండవలెనని కొందరు తల్లిదండ్రులు కోరుచున్నారు. సంతోషింపదగిన కోరికయే. కాని వారిలో పెక్కుర మనసున నున్నది నిలువుటద్దమువలె సన్నగా, ఎత్తుగా నిలిచి, గుమ్మములో నడుగుపెట్టినవారి చూపును లాగు తొట్టి. అది స్థలమును తక్కువగా నాక్రమించును, చూచుటకు గంభీరముగా నుండును అని వారి వాదము. నా యభిప్రాయము దీనికి విరుద్ధము. పాఠశాలకు గాని, మన పేటలోని ఇండ్లకు గాని, వెడల్పు హెచ్చుగను ఎత్తు తక్కువగను ఉన్న తొట్టియే తగినదని నా నమ్మకము. అందుకు గల కారణములను వ్రాయుచున్నాను. విద్యార్థులు పలకయు బలపమును చేతబట్టి ఈ లెక్కలను సరిచూచుకొందురు గాక.

రెండు తొట్లను మనసున నూహింతము. మొదటిది పొడవు మూడడుగులు, వెడల్పు రెండడుగులు, ఎత్తు అడుగున్నర. రెండవది పొడవు మూడడుగులు, వెడల్పు ఒక్క అడుగు, ఎత్తు మూడడుగులు. హెచ్చించి చూచిన రెంటికిని తొమ్మిదేసి ఘనపుటడుగులే. ఘనపుటడుగునకు 28.3 లీటర్ల చొప్పున రెంటను ఇంచుమించు 255 లీటర్లు పట్టును. అంగడివాడు రెంటిని ఒకే పరిమాణపు తొట్లుగా చెప్పును. అతడు చెప్పినది అబద్ధమును కాదు. కాని వానిలో బ్రతుకవలసిన జీవులకును, వానిని మోయవలసిన నేలకును, వానిని బిగబట్టవలసిన గాజునకును ఈ రెండును ఒకటి కానేకావు.

ముందుగా గాజు సంగతి. నీరు గోడపై చూపు ఒత్తిడి లోతునుబట్టి యుండును గాని, నీటి విస్తారమునుబట్టి యుండదని 1586లో సైమను స్టెవిను నిరూపించెను. పిమ్మట పాస్కలు దానినే మరింత విశదపరచెను. మన విద్యార్థులు దీనిని పుస్తకములో చదివి మరచుచున్నారు. మీర్ ఆలం చెరువు కట్టను చూచిన వారికి మరపు రాదు. పందొమ్మిదవ శతాబ్ది యారంభమున ఇరువదియొక్క అర్ధవృత్తపు కమానులను వరుసగా నిలిపి ఆ కట్టను నిర్మించిరి. ఆ కట్ట ఎంత నీటికి తట్టుకొనవలెనను ప్రశ్నకు సమాధానము చెరువు ఎంత దూరము వ్యాపించినదను దానిలో లేదు. కట్ట పాదమువద్ద నీరెంత లోతుగా నున్నదను దానిలో గలదు. గాజుతొట్టికిని ఇదే న్యాయము. పైని చెప్పిన మొదటి తొట్టి నిండిన యెడల దాని ముందుపలకపై సుమారు 98 కిలోల బరువునకు సమానమైన త్రోపుడు పడును. రెండవదాని ముందుపలకపై సుమారు 392 కిలోలు. నీరదే, పొడవదే; ఎత్తు రెట్టింపైనంతనే త్రోపుడు నాలుగింతలైనది. మొదటిదానికి పది మిల్లీమీటర్ల గాజు చాలును. రెండవదానికి అంతకంటె ఎంతయో దళసరి గాజు కావలెను. అందువలన ఖర్చును పెరుగును, బరువును పెరుగును. అతుకులు విడిన నాడు కలుగు నష్టమును చెప్పనక్కరలేదు.

ఇక నీటిపై ముఖము. మొదటి తొట్టిలో నీటి ఉపరితలము ఆరు చదరపుటడుగులు, రెండవదానిలో మూడే. చేప శ్వాసించు ప్రాణవాయువు ఈ ఉపరితలము గుండనే నీటిలో ప్రవేశించును. అది విడుచు బొగ్గుపులుసు వాయువు ఈ త్రోవనే వెలుపలికి పోవును. ఇరువదియైదు డిగ్రీల వేడిమిలో మంచినీరు లీటరుకు ఎనిమిది మిల్లీగ్రాములకు పైగా ప్రాణవాయువు నిముడ్చుకొనగా, సముద్రజలము ఏడు మిల్లీగ్రాములకు లోపుగనే ఇముడ్చుకొనును. వేడిమి హెచ్చిన కొలది అదియును తగ్గును. పంపులు తిరుగుచున్నంతసేపు ఈ భేదము కంటికి కానరాదు. వేసవి నడిరేయి విద్యుత్తు పోయి రెండు గంటలు రాకుండెనా, అప్పుడు తొట్టికి మిగిలినది ఆ పై ముఖ మొక్కటియే. మూడడుగులకంటె ఆరడుగులు మేలని చెప్పుటకు శాస్త్రజ్ఞుడు కావలసిన పనిలేదు. ఈ పట్టణమును కట్టినవారు మక్కా మసీదు ముంగిటి హౌజును వెడల్పుగా నిర్మించిరి గాని బావివలె లోతుగా త్రవ్వలేదు. వారి యుద్దేశము వేరు. అయినను ఆకాశమునకు ముఖమువిప్పి పరచుకొనిన నీటి యందము ఎట్టిదో తెలియగోరువారు అచ్చటికి పోయి చూడవచ్చును.

ఇచ్చట ప్రతిపక్షమువారి మాట యొకటి న్యాయమైనది గలదు. ఉపరితలము విస్తరించిన కొలది నీరును ఎక్కువగా ఆవిరియగును. మన హైదరాబాదు వేసవిగాలి ఎంత పొడిదో అందరెరుగుదురు. మట్టము దినమునకు ఐదు మిల్లీమీటర్లు తగ్గినదనుకొన్న యెడల మొదటి తొట్టిలో మూడు లీటర్లకు కొంచెము తక్కువగా నీరు పోవును. రెండవదానిలో అందులో సగము. పోవునది నీరే గాని ఉప్పు కాదు గనుక, ఆ లోటును ఉప్పునీటితో గాక శుద్ధమైన మంచినీటితోనే పూరింపవలెను. అది కొంత శ్రమయే. అయితే ఈ నష్టములోనే ఒక లాభము దాగియున్నది. ఒక్క లీటరు నీరు ఆవిరియగుచు తనతో గొనిపోవు వేడిమి, వెలుపలి వేడి సోకనిచో, 255 లీటర్ల తొట్టిని రెండు డిగ్రీలకు పైగా చల్లార్పజాలినంతటిది. మట్టికుండలో నీరు చల్లబడుట కిదియే కారణము. నలువది డిగ్రీలు దాటు మన మే మాసములో, వెడల్పాటి తొట్టిపై చిన్న విసనకర్ర యంత్రము నొకదానిని నిలిపినచో పెక్కు దినములు గడచును. నిలువుతొట్టికి శీతలయంత్రము కొనక తప్పదు. ప్రతిదినము మూడు లీటర్ల మంచినీరు పోయుట కష్టమా, శీతలయంత్రమునకు విద్యుత్తు బిల్లు కట్టుట కష్టమా, గృహస్థులే నిర్ణయించుకొనవచ్చును.

వేడిమిని గూర్చి ఇంతగా చెప్పుట ఏలయనగా, పగడపుజీవి దానికి మిక్కిలి లోబడినది. దాని దేహములో నివసించు సూక్ష్మమైన నాచు వెలుతురును పట్టి దానికి ఆహారము నమర్చును. సముద్రపునీరు మామూలు వేసవి హెచ్చుకంటె ఒక్క డిగ్రీ అధికమై కొన్నివారములు నిలిచిన యెడల ఆ నాచు విడిపోయి, పగడము వెలవెలబోవును. 1998లో, 2010లో, 2016లో హిందూ మహాసముద్రమున జరిగినది ఇదియే. ప్రపంచమంతట నాలుగవమారు ఇట్టి యాపద సంభవించినదని 2024 ఏప్రిల్ నెలలో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ఆ యేడు లక్షద్వీపములందును పగడములు తెల్లబారినవి. మహాసముద్రమే ఓర్వలేని వేడిమిని గాజుపెట్టె ఓర్చునా?

వెలుతురును గూర్చి సంగ్రహముగా చెప్పెదను. దీపము నుండి దూరమైన కొలది కాంతి పలుచబడును. మూడడుగుల అడుగున నున్న జీవికి చాలినంత వెలుతురు పంపవలెనన్న పైన గొప్ప దీపములు వ్రేలాడదీయవలెను. అవి నీటిని మరల వేడెక్కించును. అడుగున్నర లోతునకు సామాన్యమైన ఎల్.ఇ.డి. దీపము చాలును.

అన్నిటికంటె తేలికగా మరచిపోవునది మన చేయి. తొట్టిని ప్రతివారము శుభ్రపరుపవలెను. పడిన రాతిని నిలబెట్టవలెను, చచ్చిన జీవిని వెంటనే తీసివేయవలెను, గాజుకు పట్టిన నాచును గోకవలెను. మనుష్యుని చేయి చంకవరకు ముంచినను రెండడుగులకు మించి లోతునకు పోదు. అప్పటికే గడ్డము నీట మునుగును. మన పెద్దలు కొలతకు మూరను వాడిరి. మోచేతి నుండి వ్రేలి కొనవరకు గల ఆ కొలత ఇంచుమించు అడుగున్నర. తొట్టి యెత్తునకు ఇంతకంటె మంచి కొలబద్ద నాకు తోచుటలేదు. మూరెడు లోతున్న తొట్టి అడుగును మోచేయి మడత తడిసినంతలో తాకవచ్చును. పాఠశాలలో ఈ పని చేయవలసినవారు పదమూడు పదునాలుగేండ్ల బాలబాలికలు. మూడడుగుల తొట్టి అడుగును అందుకొనుటకు వారు నిచ్చెన యెక్కి వంగుట నేను చూడగోరను.

వెడల్పునకు మరియొక ప్రయోజనము గలదు. ఒక్క అడుగు వెడల్పు గల తొట్టిలో రాళ్లను పేర్చినచో అవి వెనుకగోడకు ఆనుకొని మరియొక గోడయగును. వాని వెనుక నీరు కదలదు, మురికి చేరును. రెండడుగుల వెడల్పున్నచో రాతిదిబ్బను నడుమ నిలిపి, నాలుగువైపుల బెత్తెడు బెత్తెడు చోటు విడువవచ్చును. చేప దిబ్బచుట్టు తిరుగును, నీరును తిరుగును, గోకుడుబిళ్ల పట్టిన చేయియు తిరుగును.

రాళ్లని వ్రాసితిని గాని పగడములని వ్రాయకుండుటకు హేతువు గలదు. దీనిని తల్లిదండ్రులు జాగ్రత్తగా గమనింపవలెను. దిబ్బలను కట్టు గట్టిపగడములు, నల్లపగడములు, నిప్పుపగడములు, సముద్రపు విసనకర్రలు 2001వ సంవత్సరము నుండి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో నున్నవి. అనగా పెద్దపులికి గల రక్షణయే వానికిని గలదు. మన్నారు సింధుశాఖనుండి గాని అండమాను దీవులనుండి గాని పెరికి తెచ్చిన తునకను ఇంటిలో నుంచుట నేరము. ఎండిన పగడపురాయి యైనను అట్టిదే. నిలువుతొట్టి కోరువారు కొందరు సముద్రగుర్రములకు ఎత్తు కావలెనని వాదింతురు. ఆ గుర్రములును ఆ షెడ్యూలులోనే యున్నవి గనుక ఆ వాదము అంతటితో ముగిసినది. కుమ్మరిమట్టితో గాని సిమెంటుతో గాని చేసిన రాళ్లు దిబ్బకు చాలును. కొన్ని మాసములలో వానిపై మేలుచేయు సూక్ష్మజీవులు పెరిగి నీటిని శుద్ధిచేయును. చేపలలో, పెంపకములో పుట్టిన విదూషకచేపలు దొరకుచున్నవి. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు వానిని తొట్లలోనే గ్రుడ్లుపెట్టించి పెంచు విధానమును మన దేశమున నెలకొల్పిరి. 2003లో వచ్చిన నీమో చిత్రమును చూచిన పిల్లలు ఆ చేపతోబాటు నీలిరంగు నేస్తమును గూడ కోరుదురు. అది అడుగు పొడవు వరకు పెరుగు చేప. పరుగునకు ఎంతో చోటు కావలసినది. మూడడుగుల తొట్టి దానికి బందిఖానా. తొట్టి కొలతనుబట్టి చేప నెన్నుకొనవలెను గాని, చేపను ముందు కొని తెచ్చి చోటును వెదకరాదు.

ఇప్పుడు నేల. 255 లీటర్ల సముద్రజలము 261 కిలోలు తూగును. గాజు, రాళ్లు, బల్ల, క్రింది తొట్టి కూడినచో నాలుగువందల కిలోలు దాటును. భారత ప్రమాణముల సంస్థవారి 875వ ప్రమాణము ఇండ్లలోని గదులకు చదరపు మీటరునకు సుమారు 200 కిలోల భారము లెక్కకట్టి నిర్మింపవలెనని చెప్పును. చదరపుటడుగునకు పంతొమ్మిది కిలోల కంటె తక్కువ. వెడల్పు తొట్టి తన పాదము క్రింద చదరపుటడుగునకు డెబ్బది కిలోల దాపున మోపును. నిలువుతొట్టి నూటనలువదికి పైగా. ఒక్క మూల పడిన భారము కప్పు అంతటను పంచుకొనబడును గావున దీనిచేత ఇల్లు వెంటనే కూలునని భయపడనక్కరలేదు. అయినను మేడమీద నుంచదలచినవారు గది నడుమ గాక, భారము మోయు గోడ ప్రక్కగా నుంచవలెను; పాతయిండ్లవారు తాపీ మేస్త్రి నడుగక ముందడుగు వేయరాదు. షాబాదు బండలు పరచిన నేల నీరు కారుటకు వాలుగా నుండును. బల్లక్రింద రసమట్టము నుంచి చూడక తొట్టిని నింపినచో ఒకవైపు అతుకుపై ఎల్లకాలము అధికభారము పడుచుండును.

నేలమాళిగ గట్టిదే గదా, అచ్చటనే యుంతమందురేమో. మంచిదే. కాని 2020 అక్టోబరు వానలను మన పేటవారు మరువలేదు. ఆ వరదలో ఉప్పుగూడ వీధులలో నీరు నిలిచి ఎన్నో యిండ్లలో ప్రవేశించినది. కావున బల్ల మూడడుగుల యెత్తున నుండుట, విద్యుత్తు సాకెట్లు అంతకు మీద నుండుట మన కవసరము. మూరెడు ఎత్తు తొట్టి మూడడుగుల బల్లపై నిలిచిన యెడల దాని నడిభాగము నిలుచున్నవాని రొమ్మునకు సూటిగా వచ్చును. పిల్లలకు కన్నులయెదుటికి వచ్చును. మూడడుగుల తొట్టిని అదే బల్లపై నిలిపినచో పైయంచు ఆరడుగుల ఎత్తునకు పోవును. దానికి మేత వేయుటకే పీట కావలెను.

క్రింది తొట్టి యని వ్రాసితిని. బల్లలో దాగియుండి, శుద్ధిచేయు సాధనములను, పంపును మోయునది ఆ చిన్నతొట్టి. ఈ యుపాయము క్రొత్తది కాదు. 1854లో ఫిలిప్ హెన్రీ గాస్ గ్రంథము వెలువడిన పిదప ఇంగ్లండులో ఇంటింట సముద్రపుతొట్లు నెలకొనగా, వానిలో పెక్కు కొలదినాళ్లకే చెడిపోయినవి. 1871లో తెరచిన క్రిస్టల్ ప్యాలెస్ చేపలశాలలో విలియం ఆల్ఫర్డు లాయిడు చూపరులకు కానరాని పెద్ద నీటికొట్టును నేలక్రింద కట్టించి, ఆ నీటిని ఎడతెగక పైతొట్లలో త్రిప్పించెను. చెన్నపట్టణపు కడలితీరమున 1909లో తెరచిన చేపలశాలకు సముద్రమే చెంతనుండెను; మనకట్టి భాగ్యము లేదు గనుక లాయిడు త్రోవయే త్రోవ. అయితే ఇచ్చటను కొలత గలదు. విద్యుత్తు పోయి పంపు ఆగినపుడు పైతొట్టినుండి కొంతనీరు క్రిందికి దిగును. ఆరు చదరపుటడుగుల తొట్టిలో ఒక్క అంగుళము దిగినను పదునాలుగు లీటర్లు. క్రింది తొట్టిలో అంత ఖాళీ ఎప్పుడును ఉండవలెను. లేనిచో ప్రతి విద్యుత్తు అంతరాయమునకు కూడములో ఉప్పునీటి మడుగు తయారగును. నీరు దిగుటకు గాజులో వేయు రంధ్రమును ముందే వేయింపవలెను. గట్టిపరచిన గాజునకు పిమ్మట రంధ్రము వేయబోయిన పలక తునాతునకలగును.

కొందరు నన్ను వేరొకవైపునుండి ప్రశ్నింతురు: ఇంత గొడవ యేల, నలువది లీటర్ల చిన్నతొట్టి చాలదా యని. చాలదు. నలువది లీటర్లలో ఒక్క లీటరు ఆవిరియైనచో లీటరుకు 35 గ్రాములుండవలసిన ఉప్పు దాదాపు 36 అగును. 255 లీటర్లలో ఆ మార్పు తెలియనే తెలియదు. చిన్నతొట్టి నేర్పరికి తగినది, నేర్చుకొనువానికి కాదు. మరి ఆరడుగుల తొట్టి యేల కాదందురా, నీటి లెక్క చూడుడు. 255 లీటర్లకు తొలుత దాదాపు తొమ్మిది కిలోల సముద్రపు ఉప్పు కావలెను. వంటయింటి ఉప్పు పనికిరాదు. అందు మెగ్నీషియము, సున్నపుధాతువు మొదలగునవి చాలవు. వారమునకు పదవవంతు నీరు మార్చిన ఇరువదియైదు లీటర్లు. ఆర్.ఓ. యంత్రము ఒక లీటరు శుద్ధజలమునకు ఇంచుమించు మూడు లీటర్లను విడిచిపెట్టును. ఆ విడిచిన డెబ్బదియైదు లీటర్లను బకెట్లలో పట్టి అంట్లకును, నేల కడుగుటకును వాడుకొనవచ్చును. తొట్టి రెండింతలైన ఇవన్నియు రెండింతలగును. వేసవిలో ట్యాంకరుకై బిందెలు వరుసగా పెట్టుకొని నిలుచు తల్లులున్న పేటలో అంతటి నీటిని వినోదమునకు వ్యయపరచుట నాకు సమ్మతము కాదు.

కాబట్టి మన విజ్ఞానశాలకు నేను కోరునది మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, మూరెడు ఎత్తు గల తొట్టి. ఉత్తరపు గోడ ప్రక్కన, కిటికీ యెండ తగులనిచోట. ఇండ్లలో చేయించుకొనువారును ఇదే కొలతతో ప్రారంభించి, తమ గదినిబట్టి పొడవును మాత్రము నాలుగడుగుల వరకు పెంచుకొనవచ్చును. ఎత్తును పెంచవలదు. గాజు కోయించుటకు ముందు మూరబద్దతో గదిని కొలిచినంత మాత్రమున చాలదు. మన సందుల మలుపును, మెట్ల మలుపును, గుమ్మపు వెడల్పును కొలువవలెను. పాతయిండ్ల గుమ్మములు పెక్కు రెండున్నర అడుగులే యుండును. రెండడుగుల తొట్టి, దానిని ఇరువైపుల పట్టుకొనిన నలుగురి చేతులు, అందులోనుండియే లోనికి రావలసియున్నవి.